రిపోర్టు రాకముందే

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
మంగళవారం

వదినా,

ఫోను పక్కన పడేసి ఈ మనిషి ఉత్తరాల్లోకి దిగిందేమిటి అనుకుంటావు. మా ఇంటి గోడలు ఎంత పల్చనివో నీకు తెలుసు. అవతలి గదిలో మీ తమ్ముడు ఆవలిస్తే నాకు నిద్ర వస్తుంది. అతను లేని వేళ ఫోను చేద్దామంటే నీ మేనకోడలు పిట్ట ఉంటుంది, దానివి పాము చెవులు. షాపులో గిరాకీల ముందు ఇవి మాట్లాడలేను. అందుకే ఇలా రాస్తున్నాను. నువ్వూ జవాబు షాపుకే రాయి, ఇంటికి మాత్రం వద్దు.

పిట్టకి ఎనిమిదో ఏడు నడుస్తోంది. రెండో బిడ్డ కావాలని మేం అనుకుని మూడేళ్ళు దాటింది. పిట్ట కడుపున పడ్డప్పుడు మేం అడిగిందీ లేదు, అనుకున్నదీ లేదు. అదే వచ్చి కూర్చుంది. రెండోది అడుగుతుంటే రావడం లేదు. చివరికి సిగ్గు విడిచి ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. మొదటి కానుపు కోతతో అయింది కదా, లోపల అతుకులు పడి ట్యూబులు మూసుకున్నాయేమోనని రంగు మందు పంపి ఎక్స్‌రే తీశారు. మూసుకోలేదు. అండం విడుదల, థైరాయిడ్, గర్భసంచి అన్నీ చూశారు. వంక పెట్టడానికి లేదన్నారు. ఒక బిడ్డ పుట్టాక మళ్ళీ రాకపోవడం కూడా సంతానలేమి కిందికే వస్తుందని, దానికి సెకండరీ ఇన్‌ఫర్టిలిటీ అని పేరు కూడా ఉందని ఆవిడే చెప్పింది. మొదటిసారి సులువుగా వచ్చినంత మాత్రాన రెండోసారి వచ్చి తీరాలని లేదట. చాలామంది జంటల్లో కారణం మగవాళ్ళ వైపే ఉంటుందట. మీ ఆయన్ని పిలుచుకురండి, ఆయన పరీక్ష అన్నిటికంటే తేలిక అంది.

ఈ మాట ఇంట్లో చెప్పేసరికి మీ తమ్ముడు ఇంతెత్తున లేచాడు. పిట్టను కన్నవాడికి పరీక్షేమిటని అడిగి అటు తిరిగి పడుకున్నాడు.

అంతవరకూ సరే. నాకు అసలు అనుమానం వేరే. ఒళ్ళు బాగా కండపట్టింది. బీరువాలూ సోఫాలూ మెట్లెక్కించే ఉద్యోగం కదా అని సరిపెట్టుకుందామంటే, ఆ ఉద్యోగం పదేళ్ళుగా చేస్తున్నదే. చొక్కా చేతులు పట్టడం లేదు. ఈ వయసులో వీపు నిండా మొటిమలు. చిన్న మాటకి కస్సుమంటాడు. వారంలో ఒక రోజు పని నుంచి ఆలస్యంగా వస్తాడు, వచ్చిన రోజు ఒంటి మీద స్పిరిట్ వాసన. పనిముట్ల పెట్టెకి కొత్తగా తాళం పడింది. స్క్రూడ్రైవర్లకి తాళం ఎందుకు వదినా?

నీకేమైనా చెప్పాడా? తమ్ముడని వెనకేసుకు రాకుండా రాయి.

నీ మరదలు

*

లాండ్రీ, ఇస్త్రీ బల్ల దగ్గర
ఆదివారం

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదువుతూ ఒక లాయరు గారి చొక్కా కాలర్ మాడ్చాను. ఆయన అడిగితే నీ పేరు చెబుతాను.

ఉతికే ముందు జేబులు తిరగేయడం మా పనిలో మొదటి మెట్టు. మర్చిపోయిన పెన్ను ఒక్కటి ఉంటే బుట్టెడు బట్టలు పాడు. అలా ఈ వీధి మగవాళ్ళ జేబులన్నీ నాకు కంఠతా వచ్చు. ఆడమనిషి దగ్గరికి వెళ్ళేవాడు సెంటు పూసుకుని వెళ్తాడు గానీ ఆస్పత్రి వాసన వేసుకుని రాడు. కాబట్టి అది కాదు. ఆవిడ నర్సయితే తప్ప.

నవ్వావా? నవ్వితే ఇక అసలు సంగతికి వస్తాను. మా వాడికి పరీక్ష ఎందుకే? పిట్ట ఉంది కదా ఎదురుగా, అంతకంటే రిపోర్టు ఏముంటుంది? లోపం వాడిలో లేదు, నీలోనూ లేదంటున్నారు. అంటే ఎవరో ఒకరు కావాలనే అడ్డం పడుతున్నారు. నా దగ్గర బట్టలు వేసే ఒక గుమాస్తా ఉండేవాడు. భార్య పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయి. ఆయన మాత్రం మొదటి బిడ్డ పుట్టిన ఏడాదే ఎవరికీ చెప్పకుండా ఆపరేషన్ చేయించుకుని, ఏమీ ఎరగనట్టు ఆవిడతో పాటే ఆస్పత్రి బెంచీల మీద కూర్చునేవాడు. నా తమ్ముడు అలాంటివాడని అనను. కాదని కూడా అనను. చిన్నప్పటి నుంచీ వాడు కడుపులో మాట బయటపెట్టే రకం కాదు. అరచేతిలో ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వెనక్కి పెట్టుకుని తిరిగేవాడు.

స్పిరిట్ వాసన, తాళం, ఆలస్యం. ఎక్కడో వైద్యం నడుస్తోంది. ఏం వైద్యమో కనుక్కో. కోత మచ్చ ఏమైనా ఉందేమో చూడు. భార్యవే కదా, చూడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

నీ వదిన

*

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
శుక్రవారం

వదినా,

చూశాను. మచ్చ లేదు. నేను చూస్తున్న సంగతి అతను కనిపెట్టి ఏం పోయిందని అడిగాడు. చెవిపోగు పోయిందన్నాను. చెవిపోగు అక్కడెలా ఉంటుందని అడిగాడు. ఆ రాత్రికి అంతటితో సరి.

మచ్చ లేదు గానీ తుంటి మీద, కాస్త వెనగ్గా, చిన్న గుండ్రటి ప్లాస్టర్ ఉంది. మర్నాడు స్కూటర్ సీటు కింద గుడ్డ కోసం వెతుకుతుంటే ఇంజెక్షన్ సీసా మూత దొరికింది, పైన ఊడదీసే రేకు మూత. షాపుకి తెచ్చి భూతద్దం కింద పెట్టాను. లెన్సు మీద గోటి గీత ఎక్కడుందో చెప్పగలిగే నాకు ఆ మూత మీద ఒక్క అక్షరం కనపడలేదు. ఉత్త రేకు.

నాకు ఇప్పుడేమనిపిస్తోందో రాయడానికి చేతులు రావడం లేదు. ఎక్కడో తిరిగి రోగం తెచ్చుకున్నాడేమో. గుట్టుగా సూదులు వేయించుకుంటున్నాడేమో. అది నాకు అంటించి ఉంటే, అందుకే నాకు నిలవడం లేదేమో. డాక్టరమ్మ నాలో ఏమీ లేదంది గానీ, ఆవిడ వెతకని చోట ఉందేమో. రోజంతా ఇతరుల చూపు సరిచేస్తూ నా ఇంట్లో జరిగేది నాకు కనపడకపోవడం ఏం బాగుంది?

ఇంకొకటి. దీనికే నేను ఎక్కువ భయపడుతున్నాను. మీ తమ్ముడు పిట్టను దగ్గరికి తీయడం మానేశాడు. బడికి నేనే దిగబెడుతున్నాను. లెక్కలు చెప్పమని అది పలక తీసుకుని వెళ్తే అమ్మనడుగు అంటున్నాడు. అన్నం తింటూ తింటూ ముద్ద ఆపి దాని ముఖం వైపే చూస్తాడు. నేను చూస్తే చూపు తిప్పేసుకుంటాడు. నిన్న పిట్ట నన్ను అడిగింది, "అమ్మా, నేనేం తప్పు చేశాను?" అని. ఏం లేదు, నాన్నకి పని ఎక్కువైందన్నాను.

నువ్వే అడుగు వదినా. నీకు చెబుతాడు.

నీ మరదలు

*

లాండ్రీ
బుధవారం

మరదలికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ పని ఎక్కువగా ఉండి వెంటనే రాయలేకపోయాను. వాడితో మాట్లాడాను. రోగమూ లేదు, రొష్టూ లేదు. కంగారు పడకు.

ఊరికే అడుగుతున్నాను, మరోలా అనుకోవద్దు. పిట్ట పుట్టక ముందు ఏడాది వాడు ఇదే కంపెనీ లారీ మీద వేరే ఊళ్ళకి సామాను తోలేవాడు కదా. వారానికి ఒకసారి వచ్చేవాడా, ఇంకా తక్కువా? పిట్ట నెలలు నిండాకే పుట్టిందా, ముందే పుట్టిందా? నాకు సరిగ్గా గుర్తు లేదు. అప్పట్లో నిన్ను షాపు నుంచి ఇంటి దాకా దిగబెట్టే లెన్సుల ఆయన ఇప్పుడెక్కడున్నాడు?

మొన్న పాత ఫొటోలు చూస్తుంటే తోచింది, పిట్ట ముక్కు మా వాళ్ళలో ఎవరికీ లేదు. మీ వైపు ఎవరిదైనా అయి ఉంటుంది.

ఆరోగ్యం చూసుకో.

వదిన

*

ఇల్లు, పిట్ట గది
శనివారం

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి, నాకు అర్థమైంది తప్పేమోనన్న ఆశతో చదివాను.

అడిగారు కాబట్టి చెబుతున్నాను. లెన్సులాయన పదవీ విరమణ చేసి మనవల్ని ఆడిస్తున్నారు. నాకు కడుపుతో కళ్ళు తిరిగేవని, ఆయనే తన భార్యను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వచ్చి, ఆవిడని నా పక్కన నడిపించి ఇంటికి చేర్చేవారు. పిట్ట నెలలు నిండాకే పుట్టింది. మీరే మొదట ఎత్తుకున్నారు. దాని ముక్కు దాని ఇష్టం.

మీ ఉత్తరం మడిచి మీ తమ్ముడి పళ్ళెం పక్కన పెట్టాను. చదివాడు.  పిట్ట నిద్రపోయే దాకా ఆగి అప్పుడు చెప్పాడు. మా పేట వాళ్ళెవరూ వెళ్ళని ల్యాబుకి వెళ్ళి నాకు తెలియకుండా ఆ పరీక్ష చేయించుకున్నాడట. వీర్యంలో కణాలు లేవట. తక్కువ కాదు, ఒక్కటి కూడా లేదు. నమ్మకం కుదరక మరో చోట చేయించుకున్నాడు. అక్కడా అంతే.

అయితే ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఇందులో దాచడానికేముంది అన్నాను. అప్పుడతను నా ముఖం వైపు చూడకుండా అన్నాడు.

"నాలో ఏమీ లేనప్పుడు, మరి పిట్ట ఎవరు?"

పదకొండేళ్ళ కాపురం వదినగారూ. నేను అరవలేదు. అరిస్తే పిట్ట లేస్తుంది. చాప తీసుకుని పిట్ట గదిలోకి వచ్చి పడుకున్నాను. మీ తమ్ముడు మీకు ఫోను చేసి ఏడ్చాడని కూడా అప్పుడే తెలిసింది. అన్నీ తెలిసి నాకు ఆ తేనె పూసిన ప్రశ్నలు రాశారన్నమాట. నన్ను అడగాల్సింది అడిగేసి ఉంటే ఒక్కసారి కోపం వచ్చి పోయేది. మీరు మాత్రం నా జేబులు తిరగేశారు.

అక్కడ ఏమీ దొరకదు.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య

*

లాండ్రీ, లెక్కల బల్ల
సోమవారం

మరదలా,

నీ కోపం న్యాయమే. నా ఇబ్బంది కూడా విను.

వాడు ఫోనులో ఏడ్చాడు. నాన్న పోయినప్పుడు కూడా ఏడవని వాడు. రెండు ల్యాబుల్లో ఒకటే రాశారన్నాడు. నేను ఇంతే చదువుకున్నాను, అయినా రెండు యంత్రాలు కూడబలుక్కుని అబద్ధం ఆడవు కదా. నీ మీద అనుమానపడటానికి నాకు మనసొప్పలేదు. అలాగని వాడి రిపోర్టు తప్పని చెప్పడానికి నా దగ్గర ఏముంది? అందుకే చుట్టు తిప్పి అడిగాను. సూటిగా అడిగితే నువ్వు తట్టుకోలేవనుకున్నాను.

ఒక మాట చెబుతాను, చదివి చింపెయ్. తండ్రెవరో తేల్చే పరీక్ష ఉందట. నోట్లో దూదిపుల్ల తిప్పితే చాలట. పిట్టకి పళ్ళ డాక్టరని చెప్పి తీసుకెళ్ళవచ్చు. నీ దగ్గర దాచేది లేకపోతే అది నీకే మంచిది కదా. వాడి నోరూ మూతపడుతుంది, నా నోరూ మూతపడుతుంది.

వద్దంటే మాత్రం, ఎందుకు వద్దంటున్నావని వాడు అనుకోడా?

నీ మంచి కోరే
వదిన

*

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
గురువారం

వదినగారికి,

మీ సలహాకి జవాబు చివర్లో రాస్తాను. ముందు జరిగింది చదవండి.

మీ తమ్ముణ్ణి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. రానన్నాడు. రాకపోతే పిట్టనీ నన్నూ ఇక వెతుక్కోవద్దన్నాను. ఆవిడ రెండు రిపోర్టులూ చూసింది. మీరూ మీ తమ్ముడూ చదివినట్టు చదవలేదు. ఇతని మెడ చూసింది, చేతులు చూసింది, చొక్కా ఎత్తి వీపు చూసింది. తర్వాత మామూలు గొంతుతో ఏమైనా వాడుతున్నారా అని అడిగింది. లేదన్నాడు. ఆవిడ కలం కింద పెట్టి మళ్ళీ అదే మాట అడిగింది.

"బలానికి," అన్నాడు.

అప్పుడు తెలిసింది పనిముట్ల పెట్టె కథ. రెండో బిడ్డ రావడం లేదని నేను నెలనెలా మొహం వేలాడేసుకుంటుంటే చూడలేక, లోపం తనదేనేమోనని మీ తమ్ముడికి ముందే భయం పట్టుకుందట. నా ముందు మాత్రం పిట్టను కన్నవాణ్ణని కేకలు. పనివాళ్ళంతా వెళ్ళే జిమ్ములో కోచ్‌తో ఈ భయం చెప్పుకున్నాడట. మగతనం తగ్గిందయ్యా నీకు, ఇది వేసుకుంటే సింహంలా అవుతావు, పిల్లలే పిల్లలు అని కోచ్ అభయమిచ్చాడు. అప్పటి నుంచి వారం వారం సూది. ఏడాది దాటింది. స్పిరిట్ వాసనా, కండలూ, కస్సుమనడమూ, మొటిమలూ అన్నీ దాని చలవే. పిల్లల కోసమే వేసుకున్నాడు వదినగారూ. ఆ మాట విన్నప్పుడు నాకు అతన్ని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆ సూదుల్లో ఉండేది మగ హార్మోను. అది బయట నుంచి దండిగా వస్తుంటే, ఇక మనం చేసుకోనక్కర్లేదని మెదడు లోపలి కార్ఖానాకి ఆర్డర్లు ఆపేస్తుందట. కండ పెరుగుతుంది, కణాల తయారీ ఆగిపోతుంది. ఆపేశాక చాలామందిలో మళ్ళీ మొదలవుతుంది. కొందరిలో నెలలు, కొందరిలో ఏడాది పైన. కొందరిలో మొదలు కాదు కూడా. అసలు సూదులకి ముందు అన్నాళ్ళు రాకపోవడానికి కారణమేమిటో ఇప్పుడు చెప్పలేనంది. నాకూ వయసు ముప్పై అయిదు దాటింది, చిన్న లోపాలు ఇద్దరిలోనూ కలిసి ఉండవచ్చంది. ముందు సూదులు బంద్, కార్ఖానాని తట్టిలేపడానికి వేరే మందులు, కొన్ని నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. కణాలు కొంచెం కనపడితే వాటిని శుభ్రం చేసి గర్భసంచిలోకి పంపుతారు. మరీ కొద్దిగా ఉంటే అండాలను బయటికి తీసి ఒక్కొక్క అండంలో ఒక్కొక్క కణాన్ని పెట్టి ల్యాబులో పెంచుతారు. అసలు బయటికే రాకపోతే లోపల నుంచి సూదితో తీసి చూస్తారు. దారులున్నాయి, హామీ మాత్రం ఇవ్వలేనంది.

చివర్లో నేనే అడిగాను, ఈ రిపోర్టు పిట్ట గురించి ఏమైనా చెబుతుందా అని. మీ తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ మా ఇద్దరినీ చూసి, ఇవాళ్టి రిపోర్టు ఇవాళ్టి సంగతే చెబుతుంది, ఎనిమిదేళ్ళ కిందటి దాని గురించి దీనికి నోరు లేదు, అటూ చెప్పదు ఇటూ చెప్పదు అంది.

దారిలో మీ తమ్ముడు మెత్తబడ్డాడు. మెత్తబడి ఏమన్నాడో తెలుసా? "ముందు ఆ కొత్త రిపోర్టు రానీ, అందులో కణాలు కనపడితే ఇక ఏ గొడవా ఉండదు" అన్నాడు. నడిరోడ్డు మీద ఆగి చెప్పాను, "రాకముందు నమ్మితే నన్ను నమ్మినట్టు. వచ్చాక నమ్మితే రిపోర్టుని నమ్మినట్టు. రిపోర్టుతో కాపురం నేను చేయలేను."

దూదిపుల్ల పరీక్ష నేను చేయించను. భయపడి కాదు. పిట్టకి అబద్ధం చెప్పి తీసుకెళ్ళి దాని నోట్లో ఆ పుల్ల తిప్పిన రోజు, దానికి తండ్రి ఉన్నట్టా లేనట్టా? ఎందుకు వద్దంటున్నానని అతను అనుకుంటే అనుకోనివ్వండి.

మీకూ అదే గడువు. రిపోర్టు వచ్చాక ఎలాంటి ఉత్తరమూ నాకు రాయనక్కర్లేదు.

మీ తమ్ముడి భార్య

*

లాండ్రీ, గుమ్మంలో స్టూలు మీద
శనివారం

మరదలు పిల్లా,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. పోస్టు మీద నాకు నమ్మకం లేదు. నేను చెబితే నువ్వు నవ్వుతావు గానీ, ఈ మధ్య నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. మీ ఊరికి వచ్చే బస్సు డ్రైవరు యూనిఫాం నా దగ్గరే ఉతుక్కుంటాడు. నీ చేతికి ఇచ్చి, ఇచ్చానని నాకు చెప్పేదాకా రెండో జత ఇవ్వనన్నాను.

ఇన్ని నెలలూ రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపాను. రాసినవన్నీ నన్ను నేను సమర్థించుకోవడంగానే తేలాయి. నీ మీద నాకు అనుమానం పూర్తిగా ఎగిరిపోయిందని రాస్తే నువ్వు నమ్మవు. నా బుద్ధి అంత శుభ్రమైనది కాదు. ఎవరి కోటు చేతికొచ్చినా ముందు దొంగతనమే వెతుకుతాను. రాత్రిళ్ళు మెలకువ వచ్చి నీ పాత సంగతులన్నీ తిరగేశాను, ఎక్కడైనా ఒక్క మరక దొరుకుతుందేమోనని. దొరకలేదు. దొరకకపోయాక సంతోషించాలి కదా, నాకు సిగ్గేసింది. నువ్వు నాకేం చేశావని అంత వెతికాను?

పిట్ట నా మేనకోడలు. రిపోర్టులో కణాలున్నా, లేకపోయినా. దాని ముక్కు మీద నేను చేసిన వ్యాఖ్య వెనక్కి తీసుకుంటున్నాను. తలుచుకుంటే ఆ ముక్కు బాగానే ఉంటుంది.

మా వాడికి ఫోను చేశాను. ఈసారి ఏడవనివ్వలేదు. నీ అనుమానం నీ సూది నుంచి వచ్చిందిరా, నా అనుమానం నీ నుంచి వచ్చింది, ఇద్దరం కలిసి ఒక్క ఆడపిల్ల నెత్తిన రుద్దాం అన్నాను. ఫోను పెట్టేశాడు. వాడి లోపల ఏముందో నాకు తెలియదు. వాడి తరఫున నేను హామీ ఇవ్వలేను, నీ డాక్టరమ్మ లాగే.

రిపోర్టు ఇంకా రాలేదు కదా?

నీ వదిన

*

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
మంగళవారం

వదినా,

నీ ఉత్తరం వచ్చేనాటికి రాలేదు. అది రిపోర్టు కంటే ముందే అందింది. నీ డ్రైవరు షాపు బయట బస్సు ఆపి, హారను కొట్టి, లోపలికి వచ్చి, నా చేత అందిందని రెండుసార్లు అనిపించుకుని వెళ్ళాడు. పాపం, అతని యూనిఫాం ఇచ్చెయ్.

మీ తమ్ముడు మాత్రం ఏమీ అనలేదు. ఇన్ని నెలలూ మందులు వేసుకున్నాడు, జిమ్ము మానేశాడు, కండ కరిగి చొక్కాలు వదులయ్యాయి. పిట్టకి లెక్కలు చెప్పడం మళ్ళీ మొదలుపెట్టాడు. అవన్నీ చేశాడు గానీ, నిన్ను నమ్ముతున్నానన్న ఆ ఒక్క మాట నోటి వెంట రాలేదు. నేను చాప మీదే ఉన్నాను. ప్రతి మంచితనాన్నీ అనుమానంగానే చూశాను. నాకు భయపడి చేస్తున్నాడా, నీకు భయపడి చేస్తున్నాడా, రిపోర్టు కోసం కాచుకుని నటిస్తున్నాడా? అనుమానం అతను నేర్పిందే, నాకు మాత్రం అతనికంటే బాగా వచ్చింది.

నిన్న రిపోర్టు రోజు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. అప్పటికైనా అంటాడేమోనని చూశాను. చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. లోపలి నుంచి పిలుపు వచ్చింది. గడువు అయిపోయిందనుకున్నాను. మనసులో ఒక బట్టల పెట్టె కూడా సర్దేసుకున్నాను వదినా, పిట్ట బడి సంచీతో సహా.

రిపోర్టులో ఏమీ లేదు. మళ్ళీ సున్నా.

హార్మోన్లు లేస్తున్నాయి, ఇది మంచి గుర్తే, కానీ కణాలు ఇంకా రాలేదని డాక్టరమ్మ అంది. మగవాళ్ళ వైద్యం చూసే డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడని పంపింది. కుర్ర డాక్టరు. కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోంది, ముక్కు దగ్గరి ప్యాడ్లు బిగించుకోలేదు. నేను ఆ కళ్ళజోడునే చూస్తూ కూర్చున్నాను. మీ తమ్ముడి వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. సున్నా వచ్చింది, ఇక అతను ఏమనుకుంటే అదే అనుకుంటాడు.

ఆ డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, మీ తమ్ముడి వైపు తిరిగి అడిగాడు. "మీ వల్ల ఇంతకు ముందు గర్భం వచ్చిందా? ఆలోచించి కచ్చితంగా చెప్పండి. దీన్ని బట్టే నేను దారి ఎంచుకోవాలి. వచ్చి ఉంటే మీలో తయారీ ఒకప్పుడు ఉన్నట్టు, మందులతో ఇంకా కొన్నాళ్ళు ఆగవచ్చు. రాకపోతే పుట్టుక నుంచీ లోపం ఉందేమో వేరే పరీక్షలు చేయాలి."

 ఆ డాక్టరుకి మా కథ తెలియదు. అది అతని రోజువారీ ప్రశ్న. మీ తమ్ముడి చేతిలో సున్నా కాగితం ఉంది. లేదు అనడానికి, తెలియదు అనడానికి, నా వైపు చూసి నీళ్ళు నమలడానికి కూడా అతనికి అంతకంటే మంచి వీలు దొరకదు.

"వచ్చింది," అన్నాడు. "కూతురుంది. నా కూతురే."

డాక్టరు సరే అని రాసుకుని, అయితే ఆగుదాం, మందులు మార్చి చూద్దాం అన్నాడు. కళ్ళజోడు పైకి తోసుకుని పాప వయసెంతని అడిగాడు. మీ తమ్ముడు చెప్పాడు. ఏ తరగతో కూడా, అడగకుండానే చెప్పాడు.

బయటికి వచ్చి మెట్ల మీద నేను ఏడ్చాను వదినా. ఆగలేదు. మీ తమ్ముడు కంగారుపడి, సున్నా వచ్చినందుకు ఏడుస్తున్నాననుకుని, వచ్చేసారి వస్తుందిలే అని వీపు నిమురుతూ నిలబడ్డాడు. అందుకు కాదని నేను చెప్పలేదు.

నీ మరదలు